అభిప్రాయభేదం కూడా అమానతే



ఒకరి సొమ్ము మరొకరి మాటపై ఆధారపడినప్పుడు ఆ మాట అమానతు అవుతుంది. పెట్టుబడి పరిశోధకుల నివేదిక అటువంటి మాటే. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు దానిని నమ్మి, జీవితకాలం కూడబెట్టినది వెచ్చించి షేర్లు కొంటాడు. ఆ నివేదిక వెనుక ఏ చర్చ జరిగిందో అతడెరుగడు. దానిపై ఉన్న పేర్లను మాత్రమే విశ్వసించాడు.

ఒక సిమెంటు కంపెనీని నలుగురు పరిశీలించారనుకుందాం. ముగ్గురు ‘కొనదగినది’ అన్నారు. నాలుగవ వానికి ఆ కంపెనీ అప్పుల భారం ఆందోళన కలిగించింది. అతడు మౌనం వహించాలా? నివేదిక నుండి తన పేరు తొలగించమని కోరాలా?

సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ వృత్తి ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టమైన మార్గం చూపుతున్నాయి. తన భేదం ముగింపుతోనా, పునాదితోనా అన్నది అతడు ముందుగా తేల్చుకోవాలి. సహచరులు లెక్కలను శ్రద్ధగా పరిశీలించి, ఎవరి ఒత్తిడికీ లోనుకాక, సహేతుకమైన ఆధారంతో నిర్ణయానికి వచ్చి ఉంటే, అతడు తన పేరును ఉపసంహరించుకోనవసరం లేదు. రేపటిని గురించి ఇద్దరు నిజాయితీపరులు భిన్నంగా తలచడం సహజమే. అయితే తన అసమ్మతిని, దానికి గల కారణాలను అతడు లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. మన దేశంలో పరిశోధన విశ్లేషకుల కోసం సెబీ 2014లో చేసిన నిబంధనలు కూడా, సిఫారసు వెనుకనున్న హేతువును కనీసం 5 సంవత్సరాలు భద్రపరచాలని ఆదేశిస్తున్నాయి.

పునాదియే బోలుగా ఉంటే? ప్రతికూలమైన అంకెలను దాచి ఉంటే? కంపెనీని సంతోషపెట్టడానికి ముగింపును ముందే వ్రాసి పెట్టుకొని ఉంటే? అప్పుడు ముగ్గురి మాట ఒకని మాట కంటే బరువైనది కాజాలదు. అతడు పై అధికారికి తెలియజేయాలి. సరిదిద్దకపోతే ఆ నివేదికపై తన పేరు ఉండనీయరాదు.

ఇది ఊహామాత్రమైన ప్రమాదం కాదు సోదరులారా! విశ్లేషకుల సలహాలను తమ బ్యాంకింగ్ వ్యాపార ప్రయోజనాలు ప్రభావితం చేశాయన్న అభియోగాలపై, 2003 ఏప్రిల్‌లో అమెరికాలో 10 పెద్ద సంస్థలు సుమారు 140 కోట్ల డాలర్ల పరిష్కారానికి అంగీకరించాయి. అంతకు ముందు జరిగిన దర్యాప్తులో, బాహాటంగా మెచ్చుకున్న షేర్లనే విశ్లేషకులు లోపలి ఈమెయిళ్లలో తృణీకరించిన వైనం వెలుగుచూసింది. వారికి సత్యం తెలియక కాదు; తెలిసిన సత్యం నమ్మినవారికి చేరలేదు.

విభేదించేవాడు సైతం తనను తాను ప్రశ్నించుకోవాలి: నా వద్ద ఉన్నది ఆధారమా, అహంకారమా? ఆధారమైతే దానిని బృందం ముందుంచాలి; బజారులో చాటరాదు. సహచరుల వాదన విని, తన పొరపాటు తెలిసినప్పుడు ఒప్పుకోవడం కూడా నిజాయితీలో భాగమే.

మనం పేరు పెట్టిన ప్రతి కాగితం వెనుక మనల్ని నమ్మిన ఒక కుటుంబం ఉందన్న స్పృహ మనందరికీ కలుగుగాక!