సున్నిపిండికి ముందు నూనె: ఆటోనగర్ గ్రీజు చేతుల మీద మామ్మల నలుగు

వీడియోలో మీరు చూసిన ఆ నల్లటి చేతులు విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక లారీ మెకానిక్‌వి. ఆ చేతులకి ముందు నువ్వుల నూనె రాశాం, తర్వాత పెసర సున్నిపిండితో రుద్దాం, చివర కుంకుడు రసంతో కడిగాం. అంటే నరక చతుర్దశికీ భోగికీ మన ఇళ్లల్లో చేసే అభ్యంగన స్నానమే. వరస కూడా మార్చలేదు. గ్రీజు మీదే ఎందుకంటారా? ముఖానికి రాసి "మెరుపొచ్చింది" అంటే అది ఎవరి కంటికి వాళ్లదే. గ్రీజు అయితే పోయిందో లేదో అందరికీ కనబడుతుంది.

ఈమధ్య ప్రకృతి వ్యవసాయం చేసే వాళ్లలో చాలామంది తమ పెసలు ఆడించి సున్నిపిండి ప్యాకెట్లు కడుతున్నారు. మంచిదే. కానీ ప్యాకెట్‌లో పిండి ఉంటుంది గాని పద్ధతి ఉండదు. కొన్న ఆవిడ పొడి ఒంటి మీద నీళ్లతో కలిపి రుద్దుకుంటుంది, చర్మం బిరుసెక్కిందని రెండోసారి కొనదు. మన మామ్మలెవరూ అలా వాడలేదు. నూనె పట్టించి, కాసేపు నాననిచ్చి, అప్పుడు నలుగు పెట్టేవాళ్లు. ఆ నూనెని తీయడానికే పిండి.

ఇందులో దాపరికం ఏమీ లేదు. ఒంటి మీద మురికిలో సగం జిడ్డే. జిడ్డు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె దాన్ని వదిలిస్తే, పిండి ఆ నూనెని మురికితో సహా పీల్చుకుంటుంది. పిండిలో ఉండే బరక పైన ఎండిన చర్మాన్ని రాలగొడుతుంది. మిగిలిన జిడ్డు సంగతి కుంకుడు చూసుకుంటుంది. వేప నూనె పిచికారీ చేసేటప్పుడు అది నీళ్లలో కలవడానికి కుంకుడు రసం పోస్తాం కదా? అక్కడా ఇక్కడా పని చేసేది ఒకటే, కాయ తొక్కలో ఉండే సపోనిన్. కుంకుడు సంగతి మనకి పొలంలో తెలుసు, స్నానాల గదిలో మాత్రం మర్చిపోయాం.

రాజుల స్నానమూ ఇదే వరస. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో స్నానానికి ఒక భాగమే ఉంది. (మన కాకతీయులు మొదట్లో ఈ చాళుక్యులకి సామంతులే.) అక్కడ కూడా ముందు పూల వాసన పట్టించిన నూనెతో మర్దన, స్నానం ఆ తర్వాతే. ఇంకో ముచ్చట. మనం వాడే షాంపూ అనే మాట హిందీలో మర్దన చేయమని చెప్పే "చాంపో" నుంచి వచ్చింది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో బ్రైటన్‌లో స్నానశాల పెట్టినప్పుడు, అక్కడ షాంపూ అంటే ఒళ్లు పట్టడమే. తర్వాత ఆ మాట సీసాలోకి దూరింది, మర్దన బయటే ఉండిపోయింది.

ఇక ఆటోనగర్ సంగతి. మేం పిండి ఆడించే షెడ్డు గాజువాక ఆటోనగర్‌లోనే ఉంది. చుట్టూ లారీ పనివాళ్లు, లేతు మిషన్లు, వెల్డింగు. సాయంత్రం పని అయ్యాక చాలామంది డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో చేతులు కడిగి, పైన బట్టల సబ్బు పొడి రుద్దుతారు. గ్రీజు పోతుంది, దాంతోపాటు చర్మంలో ఉన్న నూనె కూడా పోతుంది. చలికాలం వచ్చేసరికి అరచేతులు పగుళ్లు. పక్క షెడ్డు పెద్దాయన మా పిండి చూసి, "ఏటి బావూ, అట్టేసుకునే పిండి సేతులకి రాస్తన్నావేటి?" అని నవ్వాడు. నవ్వుతూనే చేతులు చాపాడు.

రెండు చెంచాల నూనె, ఐదు నిమిషాలు రుద్దుడు, పిడికెడు పిండి, కుంకుడు రసం. కొత్త గ్రీజు పూర్తిగా పోయింది. అరచేతి గీతల్లో పాత నలుపు సగం పోయింది. గోళ్ల సందుల్లో ఇంజన్ ఆయిల్ మసి మాత్రం కదల్లేదు, బ్రష్ పెట్టాల్సి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. వారం రోజులు ముగ్గురు వాడారు. ఇద్దరికి చేతుల మంట తగ్గింది. మూడో ఆయన "ఇంత సేపు ఎవడు రుద్దుతాడు బావూ" అని డీజిల్‌కే వెళ్లిపోయాడు. ఆయన మాట కూడా న్యాయమే, నలుగుకి తీరిక కావాలి. కోసుకున్న చేతికి, పుండుకి మాత్రం ఇది రాయొద్దు.

మేం వాడిన పాళ్లు: పెసలు కిలో, శెనగపప్పు పావు కిలో, బియ్యం వంద గ్రాములు, వట్టివేర్లు, కచ్చూరాలు, కస్తూరి పసుపు ఒక్కోటి యాభై గ్రాములు. అన్నీ గలగలమనేలా ఎండాలి. వట్టివేర్లు చిన్న ముక్కలుగా కత్తిరించకపోతే మరలో చుట్టుకుంటాయి. పెసలు రెండో రకం అయినా పర్వాలేదు, బూజు వాసన ఉన్నవి వద్దు. మరలోంచి పిండి వేడిగా వస్తుంది, దాన్ని అలాగే కవర్లో కట్టేస్తే లోపల చెమ్మ పట్టి పురుగు వస్తుంది. గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లారాకే కట్టాలి. జల్లెడ మరీ సన్నంది వద్దు, బరక పోతే ఇంక నలుగు ఏముంది? కుంకుళ్లు, సీకాయ మన ఏజెన్సీ సరుకే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది, వాళ్లు గిరిజనుల దగ్గర ఇవి కొంటారు.

పాత పాళ్లలో ఉండే ఒక దినుసు నేను కావాలనే వదిలేశాను. అది బావంచాలు. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి తగిలాక ఎండలోకి వెళితే కాలినట్టు బొబ్బలు రావచ్చు, నల్ల మచ్చలు పడొచ్చు. బొల్లి మచ్చలకి వైద్యులు సోరాలెన్ వాడతారు గానీ, కొలత పెట్టి, వాళ్ల పర్యవేక్షణలో. పొద్దున నలుగు పెట్టుకుని పొలానికి వెళ్లే మనిషికి ఇది పనికిరాదు. పాతకాలంది కాబట్టి అన్నీ మంచివే అనే మాట నేను ఒప్పుకోను.

అమ్మేవాళ్లు ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది కదా అని సున్నిపిండి అమ్మేస్తున్నారు. అది తిండి సరుకుకి మాత్రమే. పెసరపిండిని పెసరపిండిగా అమ్మితే ఆహారం. అదే ప్యాకెట్ మీద "చర్మ కాంతికి" అని రాశారంటే సౌందర్య సాధనం అయిపోతుంది. అప్పుడు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల దగ్గర లైసెన్సు ఉండాలి. విడివిడిగా ఒక్కో రైతుకి ఇది భారమే. రైతు సంఘంగా నలుగురూ కలిసి ఒక షెడ్డుకి తీసుకోవడం నయం. ఇంట్లోకి చేసుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

"తెల్లబడతారు" అని మాత్రం దయచేసి ఎక్కడా రాయకండి. పిండి మురికి తీస్తుంది గానీ పుట్టిన రంగు మార్చదు. ఎండలో నాట్లేసే మన ఆడవాళ్లు పండించిన పెసల మీద, వాళ్ల రంగుకే వంక పెట్టే మాట అచ్చు వేయడం నాకు నచ్చదు.

అపార్ట్‌మెంట్‌లో వాడే బంధువులకి పంపేటప్పుడు ఒక మాట చెప్పండి. నూనె, పిండి కలిసి పైపులో ముద్ద కడతాయి. జాలీ మీద పలచని గుడ్డ వేసుకుని స్నానం చేసి, దాని మీద నిలిచిన పిండిని మొక్కల్లో వేసుకోమనండి. పల్లెలో అయితే ఈ బాధ లేదు, పెరట్లో అరటి మొదట్లో కూర్చుని పోసుకుంటే సరిపోతుంది.