ప్రిన్సిపల్ గారి పేరు కింద ఉన్న డిగ్రీలు ఏం చెబుతాయి?

ప్రిన్సిపల్ గది తలుపు మీద పేరు, దాని కింద ఎం.ఎస్సీ., బి.ఎడ్. ఉంటాయి. కొందరికి ఎం.ఎడ్. కూడా ఉంటుంది, ఇంకొందరికి పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. అడ్మిషన్ రోజున ఆ బోర్డు చదివి, తర్వాత మరిచిపోతాం. కానీ మీ పాపకు లెక్కలు చెప్పే టీచర్‌ను ఎంపిక చేయడంలో, ఆ టీచర్ పాఠం ఎలా చెబుతున్నారో చూడడంలో, మంచి టీచర్ మధ్యలో మానేసి వెళ్లిపోకుండా నిలుపుకోవడంలో ఆ గదిలో కూర్చున్నవారి మాటే ముఖ్యం. అందుకే ఆ డిగ్రీల్లో ఏది ఏం నేర్పుతుందో తెలిసి ఉంటే మంచిది.

బి.ఎడ్. టీచర్‌ను తయారుచేసే చదువు. పాఠం ఎలా అల్లుకోవాలి, పిల్లల మనసు ఎలా పనిచేస్తుంది, పరీక్ష ఎలా పెట్టాలి అన్నవి అందులో ఉంటాయి. సీబీఎస్‌ఈ బడుల్లో ప్రిన్సిపల్ కావడానికి ప్రధానంగా అడిగేవి పీజీ, బి.ఎడ్., కొన్నేళ్ల అనుభవం. బడిని నడిపించడంలో ప్రత్యేకమైన డిగ్రీ ఉండి తీరాలన్న నియమం లేదు. అందువల్ల మన దేశంలో ఎక్కువగా జరిగేది ఒకటే: బాగా పాఠం చెప్పే టీచర్‌ను ఏదో ఒక జూన్‌లో ప్రిన్సిపల్ కుర్చీలో కూర్చోబెడతారు. నలభైమంది పిల్లల్ని కట్టిపడేయగలిగినవారు నలభైమంది టీచర్లను కూడా నడిపించగలరని అనుకోవడం ఆశే తప్ప లెక్క కాదు.

ఈ తేడా పిల్లల మీద ఎంత పడుతుంది? అమెరికాలో వాలెస్ ఫౌండేషన్ 2021లో ప్రచురించిన ఒక పెద్ద నివేదిక దీన్ని లెక్కగట్టింది. వందమంది ప్రిన్సిపల్స్‌ను పనితీరు ప్రకారం వరుసగా నిలబెట్టామనుకోండి. కింది నుంచి 25వ స్థానంలో ఉన్నవారి బదులు 75వ స్థానంలో ఉన్నవారు బడికి వస్తే, అక్కడి పిల్లలు లెక్కల్లోనూ చదవడంలోనూ ఏడాదికి దాదాపు మూడు నెలల చదువంత ముందుంటారట. మంచి టీచర్ ప్రభావం ఆ క్లాసు వరకే, ప్రిన్సిపల్ ప్రభావం బడిలోని ప్రతి బిడ్డ మీదా. ఆ నివేదిక కొలిచింది పనితీరునే గానీ డిగ్రీలను కాదు. కాబట్టి డిగ్రీ ఉందా అని అడగడంతో ఆగకుండా, ఆ డిగ్రీలో ఏం చేశారో కూడా అడగాలి.

ఎం.ఎడ్. విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం. 2014 నిబంధనలతో ఇది రెండేళ్ల కోర్సు అయింది. విద్యా తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, పరిశోధన పద్ధతులు, చివర ఒక పరిశోధన వ్యాసం ఇందులో ఉంటాయి. విద్యా నిర్వహణ అనేది ఎంచుకోదగిన ప్రత్యేకాంశాల్లో ఒకటి మాత్రమే. బి.ఎడ్. కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునేవారూ, ప్రిన్సిపల్ కావాలనుకునేవారూ ఇదే కోర్సులో పక్కపక్కన కూర్చుంటారు. పిహెచ్.డి. అయితే ఒక చిన్న అంశాన్ని లోతుగా తవ్వే చదువు. అది గౌరవించదగ్గదే, కానీ టీచర్ల గదిలో తగవు తీర్చడం నేర్పదు.

నాయకత్వం మీదే దృష్టి పెట్టిన మంచి కోర్సు వేరుగా ఉంటుంది. అందులో క్లాసు వెనుక బెంచీలో కూర్చుని పాఠాన్ని గమనించడం, ఆ తర్వాత టీచర్‌ను నొప్పించకుండా, నిజం దాచకుండా మాట్లాడడం సాధన చేయిస్తారు. యూనిట్ టెస్టు మార్కుల్లోంచి ఏ సెక్షన్‌లో ఏ పాఠం ఎక్కలేదో పట్టుకోవడం, టైమ్‌టేబుల్, బడ్జెట్, పిల్లల భద్రత చట్టాలు, కోపంగా వచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడే తీరు కూడా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, అనుభవజ్ఞుడైన ప్రిన్సిపల్ పక్కన నెలల తరబడి పనిచేయడం. సింగపూర్‌లో ప్రిన్సిపల్ కాబోయే వైస్ ప్రిన్సిపల్స్‌ను కొన్ని నెలలు బడి పని నుంచి పూర్తిగా తప్పించి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో ఇలాంటి శిక్షణకు పంపుతారు. అది డిగ్రీ కూడా కాదు. అన్ని నెలలు మనిషిని వదులుకోవడానికి మన బడులు, మనవాటితో సహా, ఇంకా సిద్ధంగా లేవన్నది దాచాల్సిన విషయమేమీ కాదు.

మన దగ్గరా దారులు లేకపోలేదు. ఢిల్లీలోని నీపా సంస్థలో 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. దాని పని ఎక్కువగా ప్రభుత్వ బడుల ప్రధానోపాధ్యాయులతోనే. ఇగ్నోలో విద్యా నిర్వహణ, పరిపాలన మీద దూరవిద్య పీజీ డిప్లొమా ఉంది. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం రెండేళ్ల ఎం.ఏ. ఎడ్యుకేషన్ నడుపుతోంది. ఇక 2020 జాతీయ విద్యా విధానం ప్రిన్సిపల్స్ కూడా ఏటా కనీసం 50 గంటల శిక్షణ పొందాలని, అందులో నాయకత్వం, నిర్వహణతో పాటు బోధన కూడా ఉండాలని చెప్పింది.

కాబట్టి వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయ్యాక ఒకటి రెండు ప్రశ్నలు అడగండి. పోయిన నెలలో మీరు ఎన్ని క్లాసుల్లో కూర్చుని పాఠం విన్నారు? ఈ ఏడాది మీరు తీసుకున్న శిక్షణ దేని మీద? ఇవి అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. నిజంగా క్లాసుల్లో కూర్చునే ప్రిన్సిపల్ అయితే ఉత్సాహంగా చెబుతారు కూడా.

మీ ఇంట్లోనే టీచర్ ఉండి, ఈ దారిలో వెళ్లాలనుకుంటే రెండు మాటలు. రెగ్యులర్ ఎం.ఎడ్. అంటే ఉద్యోగం పక్కన పెట్టాల్సిందే. ప్రవేశాలు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ద్వారా జరుగుతాయి. ఉద్యోగం వదలలేనివారికి దూరవిద్య డిప్లొమా మేలు. అమెరికా వెళ్లి స్కూల్ లీడర్‌షిప్‌లో మాస్టర్స్ చేసి అక్కడే పనిచేయాలనుకునేవారికి డిగ్రీ ఒక్కటే చాలదు. ప్రభుత్వ బడుల్లో ప్రిన్సిపల్ లైసెన్సు ఇచ్చేది అక్కడి రాష్ట్రాలు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. ఏ రాష్ట్రంలో పనిచేస్తారో ముందు తేల్చుకుని, ఆ రాష్ట్రం ఆమోదించిన కోర్సులోనే ఫీజు కట్టండి. తిరిగొచ్చి ఇక్కడ ప్రిన్సిపల్ కావాలంటే మాత్రం బి.ఎడ్. ఉందా అని మళ్లీ అడుగుతారు.