నవ్వించు దయ్యములు

మా స్టూడియోలో తలుపు కిర్రుమనవలెనన్న తలుపుతో పనిలేదు. కీళ్లు సడలిన పాత కుర్చీ ఒకటి చాలును. మైకునకు జానెడు దూరమున దానిని మెల్లగా వెనుకకు వాల్చినచో, వినువారికి ఎవరో చీకటిగదిలోనికి అడుగు పెట్టినట్లే యుండును. ఉరుమునకు పలుచని రేకు, గాలికి పట్టుగుడ్డ, ఎముకలు విరుగుటకు పచ్చి ముల్లంగి. ఈ సరంజామా ఖరీదు ఒక పూట కూరగాయల ఖర్చునకు మించదు. అయినను దీనితో పుట్టిన దయ్యము శ్రోత మనస్సులో పెరుగునంత ఎత్తు, వెండితెరమీద లక్షలు గుమ్మరించినను పెరుగదు. కనుకనే తక్కువ పెట్టుబడితో దయ్యపు హాస్యచిత్రములు తీయువారు మాకు దగ్గఱి చుట్టములవలె తోచుచుందురు. వారును మావలెనే చూపలేనిదానిని వినిపించి గట్టెక్కువారు.

ఈ వరుస కొత్తది కాదు. 1927లోనే పాల్ లెని అను జర్మను దర్శకుడు అమెరికాలో 'ది క్యాట్ అండ్ ది కెనరీ' అను మూకీ చిత్రమును తీసెను. పాడుపడిన భవంతి, అర్ధరాత్రి చదువు వీలునామా, పిరికి నాయకుడు, ఇవియే అందులోని సామగ్రి. హిందీలో 1965లో మెహమూద్ 'భూత్ బంగ్లా' తీసెను. తెలుగున 2013లో వచ్చిన 'ప్రేమకథా చిత్రమ్' కొద్దిమంది నటులతో, ఊరి వెలుపలి యింటితో కథ నడపి ప్రజల మెప్పు పొందిన పిమ్మట ఇట్టివి వరుసగా వెలువడినవి.

ఒక్క ఇంటిలోనే కథ జరుగుట ఖర్చునకు జడిసి చేసిన పని యని కొందఱందురు. అది నిజమే గాని సగము నిజము. భయానకరసమునకు కారణములను చెప్పుచు భరతుడు నాట్యశాస్త్రమున వికృతధ్వని, భూతదర్శనము, నక్కలవలన గుడ్లగూబలవలన కలుగు బెదురు, శూన్యగృహము, అడవి మున్నగువానిని పేర్కొనినాడు. మనుష్యులు లేని యిల్లు అంత ప్రాచీనమైన రంగస్థలము. మొట్టమొదట చెప్పినది ధ్వనినే యగుట రేడియోవారమైన మాకు కొంత గర్వకారణము!

ఇంకొక వింత యున్నది. హాస్యమునకు కారణములను చెప్పునప్పుడును భరతుడు వికృతమైన వేషము, వికృతమైన అలంకారము అనియే మొదలుపెట్టినాడు. అనగా రెండు రసములకును విత్తనము ఒక్కటే. విందులో కూర్చున్న పెద్దమనిషి తలపాగా జారి కన్నులమీద పడినచో మనము నవ్వుదుము. ఆ తలపాగాయే అర్ధరాత్రి వసారాలో దానంతట అది కదలిపోవుచుండినచో గొంతు తడియాఱును. దానిక్రింద నుండి పిల్లిపిల్ల బయటపడెనా, మరల నవ్వుదుము, మొదటికంటె గట్టిగా నవ్వుదుము. వస్తువు మాఱలేదు, మనకు ముప్పున్నదా లేదా యను లెక్క మాత్రమే మాఱినది.

సాహిత్యదర్పణమున విశ్వనాథుడు హాస్యమునకును భయానకమునకును విరోధమని చెప్పినాడు. ఒక్క క్షణమున రెండును నిలువవను మాటను మేమును కాదనము. కాని ఒకదాని వెంట ఒకటి వచ్చుటకు దేహమే దారి యిచ్చుచున్నది. హఠాత్తుగా పెద్ద చప్పుడైనపుడు, అదేమో బుద్ధికి తెలియకముందే, సెకనులో ఇరవయ్యవ వంతు కాలమునకు కనురెప్ప వాలును, ఆ వెంటనే మెడ బిగియును, పిమ్మట గుండె వేగము హెచ్చును. అపాయము లేదని తెలిసిన తరువాత కూడ ఆ ఉద్రేకము వెంటనే చల్లారదు. అట్లు మిగిలిన వేడి నవ్వునకు వంటచెఱకగును. అందుచేత ఈ చిత్రములలో జాగు ప్రాణము. పిల్లిపిల్లను రెండు సెకనులు ముందు చూపిన భయము లేదు, పది సెకనులు ఆలస్యముగా చూపిన నవ్వు లేదు.

అన్నట్లు, హాస్యమునకు భరతుడు చెప్పిన అధిదేవతలు ప్రమథులు. భూతనాథుని పరివారమే నవ్వునకు దేవత యగుట మాకెప్పుడును ముచ్చటగానే యుండును.

2017లో మహి వి. రాఘవ్ దర్శకత్వమున వచ్చిన 'ఆనందో బ్రహ్మ' ఈ లెక్కను తలక్రిందులు చేసినది. తైత్తిరీయోపనిషత్తులోని మాటను దయ్యముల కథకు పేరుగా పెట్టుటలోనే చమత్కారమున్నది. ఇందు మనుష్యులను చూచి దయ్యములు బెదరును. ఇల్లు వారిది, చొరబడినవారు మనవారు. అమ్మకమునకు పెట్టిన ఆ యింట దయ్యములు లేవని నిరూపించుటకై నలుగురు మనుష్యులు రాత్రులు గడుపవత్తురు. వారికి కావలసినది డబ్బు. వెన్నెల కిశోర్ పాత్రకు రేచీకటి. ఇంకొకడు తాగుబోతు, ఒకనికి సినిమా పిచ్చి. దయ్యపు ఆయుధములు రెండే: కనబడుట, వినబడుట. కనబడుట పనికిరానివాని యెదుట దయ్యమేమి చేయగలదు? మత్తులో నున్నవాని యెదుట ఎంత గర్జించిన నేమి? ఒక్కొక్క ఆయుధము ఎట్లు మొండివోవునో చూపుటయే ఇందలి హాస్యమునకు ఆయువుపట్టు. అవయవలోపమును వెక్కిరించి నవ్వించుట మాకు సమ్మతము కాదు. ఇచ్చట మాత్రము ఆ లోపమే కవచమై, ఓడినది దయ్యమగుటచే చాలవఱకు ఆ దోషము తప్పినది. 'పెట్రోమాక్స్' అను పేర 2019లో ఇది తమిళమునకును పోయినది.

ఇట్టి చిత్రములన్నిటిని మేము మెచ్చుకొనలేము. స్త్రీకి దయ్యము పట్టినదని జుట్టు విరబోయించి, భూతవైద్యుని కొరడాకు అప్పగించి, దానిని వేడుకగా చూపునవియు వచ్చుచున్నవి. 1980లలో మెదకు జిల్లా పల్లెలలో బాణామతి యను భయము పాకినప్పుడు, చేతబడి చేసినారను అనుమానముతో నిర్దోషులను కొట్టి పండ్లూడగొట్టిన ఘటనలు జరిగినవి. ఆ భయము థియేటరు భయము కాదు. దీపములు వెలిగించినంతమాత్రమున అది పోలేదు. పిల్లిపిల్ల బయటపడకముందే మనుష్యులకు దెబ్బలు పడినవి. అందుచేత మాంత్రికుని నిజముచేసి రోగిని నవ్వులపాలు చేయు చిత్రము ఎంత చవకగా తీసినను మాకు ఖరీదైనదిగానే తోచును.

ఇక మా సంగతి. చెవిటివాడు మా నాటకమునకు వరప్రసాదము. వెనుక గొలుసులు గలగలలాడుచుండగా వాడు వంకాయకూరలో ఉప్పు తక్కువైనదని సణుగుచుండును; వినువారికి రెండును వినబడును. రేచీకటివానితోనే చిక్కు. దయ్యము ఎదుట నిలిచినను వానికి కనబడలేదని తెలుపుట యెట్లు? మా శ్రోతలందఱును రేచీకటివారే కదా.