జేబులో నిప్పు - ఈ-సిగరెట్ బ్యాటరీ

ఈ-సిగరెట్‌లో బ్యాటరీ ఒక చిన్న తీగచుట్టను వేడిచేస్తుంది. ఆ వేడికి లోపలి ద్రవం పొగలా మారుతుంది. పూర్తిగా ఛార్జి చేసిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు. తీగచుట్ట నిరోధం 2 ఓములైతే సుమారు 2 ఆంపియర్ల కరెంటు పారుతుంది. పొగ ఎక్కువ రావాలని 0.5 ఓముల చుట్ట బిగిస్తే 8 ఆంపియర్లు దాటుతుంది. 5 ఆంపియర్లకే తయారైన చిన్న బ్యాటరీ తట్టుకోలేక, విపరీతంగా వేడెక్కి పేలవచ్చు. జేబులో విడి బ్యాటరీకి తాళాలు, నాణేలు తగిలి షార్టయినా అదే ప్రమాదం.

ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి. వెంటనే ఆస్పత్రికి రండి.

మన దేశంలో 2019 నుండి ఈ-సిగరెట్ల అమ్మకం నిషిద్ధం. బ్యాటరీ సరిగ్గా కుదిరినా నికోటిన్ వ్యసనపు ముప్పు ఉంటుంది. బిడ్డల దగ్గర కనిపిస్తే కొట్టకండి; మాన్పించడానికి మా వద్దకు తీసుకురండి. దేవుడు వారిని కాపాడును గాక.