ఆముదం తాగే ఇంజను

మా అక్క కొడుకు కొత్త ఇంజను పెట్టె నా ముందు పెట్టి, "మామా, రేపు పొద్దుగాల స్టార్ట్ చేద్దామా?" అన్నాడు.

"ఇంధనంల ఆముదం ఉన్నదా, చూసినవా?"

డబ్బా తిప్పి చీటీ చదివాడు. ఉంది. అప్పుడు సరేనన్నాను. వాడు మాత్రం డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. "రిమోట్ కారుకు ఆముదం ఏంది మామా?"

జవాబు ఒక్క మాటలో తేలేది కాదు. ఆ రాత్రి మట్టెవాడలో మా ఇంటి దాబా మీద కూర్చుని వాడికి చెప్పిందీ, మర్నాడు ఇద్దరం కలిసి చేసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అరచేతిలో ఇమిడే ఆ యంత్రాన్ని నైట్రో ఇంజను అంటారు. దాని సామర్థ్యం 3.5 సీసీ. టీ చెంచాలో ముప్పాతిక కూడా నిండదు. మన పాత లూనా బండికే 50 సీసీ ఉండేది. అయినా పూర్తి వేగంలో ఇది నిమిషానికి 30,000 చుట్లు దాటుతుంది. టూ స్ట్రోక్ ఇంజను కనుక ప్రతి చుట్టుకూ ఒకసారి ఇంధనం మండాలి. అంటే సెకనుకు 500 సార్లు. ఒక మంటకూ మరో మంటకూ నడుమ ఉండేది సెకనులో 500వ వంతు. ఇంత వేగంగా నిప్పు పెట్టే స్పార్క్ ప్లగ్గు, కాయిలు, బ్యాటరీ దీంట్లో వెతికితే ఏదీ కనపడదు. తల మీద ఒక చిన్న ప్లగ్గు, ఆ ప్లగ్గు కడుపులో చుట్టలు చుట్టిన సన్నని ప్లాటినం తీగ, అంతే.

ఆ తీగ కథ బొగ్గు గనుల్లో మొదలైంది. గని కార్మికులకు ప్రమాదం లేని దీపం కోసం శ్రమించిన హంఫ్రీ డేవీ 1817లో ఒక వింత గమనించాడు. వేడి చేసిన ప్లాటినం తీగను మండే వాయువూ గాలీ కలిసిన చోట ఉంచితే, మంట లేకుండానే అది ఎర్రగా వెలుగుతూ ఉండిపోతుంది. తీగ తరగదు, కరగదు. దాని ఉపరితలం మీద వాయువు ఆక్సిజన్‌తో కలుస్తూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి తీగను ఆరిపోనివ్వదు. ఇలాంటి చర్యలకు 1835లో బెర్జీలియస్ ఉత్ప్రేరణ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లు గడిచినా బొమ్మ విమానాల ఇంజన్లకు ఈ సంగతి అందలేదు. అవి కాయిలు, కండెన్సరు, బ్యాటరీ మోసుకుంటూ ఆయాసపడేవి. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ప్లాటినం తీగ ఉన్న గ్లో ప్లగ్గును అమ్మకానికి తెచ్చాడు. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో తీగను ఎర్రబరచాలి, ఇంజను అందుకోగానే బ్యాటరీ తీసేయాలి. ఆపైన మిథనాల్ ఆవిరి తగులుతూ ఉంటే తీగ దానంతట అదే వెలుగుతుంది. ఒక్క దెబ్బకు బొమ్మ విమానం బరువు దిగిపోయింది. ఒసాకాలో షిగియో ఒగావా 1936లో మొదలుపెట్టిన ఓ.ఎస్. వంటి సంస్థలు ఈ దారి పట్టాయి. ముందు విమానాలకు, పడవలకు, తర్వాత కార్లకు ఈ ఇంజన్లు ఎక్కాయి.

తీగ వెలగాలంటే మిథనాల్ కావాలి. పెట్రోలుతో ఆ పని కాదు. ట్యాంకులో ఎక్కువ భాగం మిథనాలే. దానికి 10 నుంచి 30 శాతం దాకా నైట్రోమీథేన్ కలుపుతారు. నైట్రోమీథేన్ చేసే మేలు లెక్కలో తెలుస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో మిథనాల్‌కు 6.4 కిలోలు చాలు. నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలే, ఎందుకంటే తనకు కావలసిన ఆక్సిజన్‌లో చాలా భాగం తన అణువులోనే మూట కట్టుకుని వస్తుంది. కిలోకు ఇచ్చే శక్తిలో పెట్రోలుతో పోలిస్తే అది పేదదే. కానీ సిలిండరులో పట్టే గాలి కొంతే కదా. అంత గాలితోనే పెట్రోలు ఇచ్చే శక్తికి రెట్టింపు పైగా రాబడుతుంది.

మిగిలింది నూనె. ఇక్కడే మన ఆముదం వస్తుంది.

ఈ ఇంజనులో నూనె నిలవ ఉండే గది లేదు. ఇంధనంతో కలిసి వచ్చే నూనే బేరింగులను, కనెక్టింగ్ రాడ్డును, పిస్టన్‌ను తడిపి, పని కాగానే పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. కాబట్టి ఆ నూనె మిథనాల్‌లో కలిసిపోవాలి. మామూలు ఇంజనాయిలు కలవదు, విడిపోయి అడుగున కూర్చుంటుంది. ఆముదం చక్కగా కలుస్తుంది. ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలెయిక్ ఆమ్లమే. మామూలు వంట నూనెల కొవ్వు ఆమ్లాలకు లేనిది దీనికొకటి ఉంది. పొడవాటి కర్బన గొలుసులో పన్నెండో కర్బనం దగ్గర ఒక హైడ్రాక్సిల్ కొక్కెం. ఆ కొక్కెం వల్లనే ఆముదం అంత చిక్కన, ఆ కొక్కెం వల్లనే ఆల్కహాలుతో స్నేహం, లోహాన్ని అంటిపెట్టుకునే గుణం కూడా దానిదే. ఇంకొక సుగుణం చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. వేడి మితిమీరితే చాలా నూనెలు ఆవిరైపోయి లోహాన్ని బోసిగా వదిలేస్తాయి. ఆముదం అణువులు అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని ఇంకా చిక్కని పొరగా మారతాయి. ఇంజను గోధుమరంగు మరకలు పట్టినా, లోహానికీ లోహానికీ నడుమ పొర మిగులుతుంది. కొత్తగా నడక నేర్చే ఇంజనుకు అంతకంటే పెద్ద అండ లేదు.

ఇది బొమ్మ కార్లతో మొదలైన సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన నోమ్ రోటరీ ఇంజన్లు ఆముదం మీదనే తిరిగాయి. వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరులో ఉన్న క్యాస్టర్ అంటే ఆముదమే. 1917లో యుద్ధంలో దిగిన అమెరికా తన విమానాల కోసం దక్షిణ రాష్ట్రాల్లో ఆముదం సాగు చేయించింది. మన వైపు మహబూబ్‌నగర్, నల్లగొండ చల్క నేలల్లో వానను నమ్ముకుని ఈ పంట వేసినవాళ్లకు, గింజ ఎక్కడిదాకా పోతుందో ఎవరూ చెప్పలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన కేంద్రంలో ఆముదం వంగడాల మీద ఏళ్ల తరబడి పని జరిగింది. రాజేంద్రనగర్‌లో నూనెగింజల మీద జాతీయ స్థాయి పరిశోధన సంస్థే ఉంది. దాసరి పురుగు ఆకంతా తినేస్తుంటే కళ్లలో ఒత్తులు వేసుకుని కాపాడిన రైతు పంట అది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని చిన్నచూపు చూశాం గానీ, ఆకాశం దాకా ఎగిరొచ్చిన గింజ దానిదే.

తలకు రాసుకునే ఆముదం తెచ్చి ట్యాంకులో పోయకూడదని కూడా వాడికి అక్కడే చెప్పాను. ఇంజనులో వాడేది జిగురు తీసి శుద్ధి చేసిన రకం.

ఇక లోహం సంగతి. వాడు ఆ రాత్రే ఇంజను ఫ్లైవీలును వేళ్లతో తిప్పబోయాడు. ముప్పాతిక చుట్టు సులువుగా తిరిగి, పిస్టన్ పైకి చేరేసరికి రాయిలా ఆగిపోయింది. "పాడైంది తెచ్చిన్నా?" అని వాడి ముఖం వాడిపోయింది. పాడు కాలేదు. కొత్త ఇంజను అలాగే ఉండాలి. పిస్టన్ సిలికాన్ కలిపిన అల్యూమినియం. దానికి తొడిగిన గొట్టం ఇత్తడి, లోపల క్రోమియం పూత. పిస్టన్‌కు మోటారు సైకిల్లో ఉండే రింగులు ఉండవు. గొట్టాన్ని పైభాగంలో మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన సన్నగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ అక్కడ ఇరుక్కుంటుంది. దీన్నే పించ్ అంటారు. మంట రగిలేది పైనే కనుక పైభాగం ఎక్కువ కాగుతుంది, ఇత్తడి అక్కడ ఎక్కువగా వ్యాకోచిస్తుంది, సన్నబడిన గొట్టం తిన్ననవుతుంది. కొలతలన్నీ సరిపోయేది ఇంజను వేడెక్కాకనే.

బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పట్టాను ఎర్రగా కాల్చి, సాగిన క్షణంలో చెక్క చక్రానికి తొడిగి, నీళ్లు గుమ్మరిస్తే అది బిగుసుకుంటుంది. మనకు దగ్గరలోని పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టేవాళ్లు కూడా కాచి, చల్లార్చి, మళ్లీ కాచి పని చేస్తారు. లోహం మాట వినేది వేడి దగ్గరే.

ఈ మాట నాకు తెలియక ముందు నా మొదటి ఇంజనును నేనే చంపుకున్నాను. డిసెంబరు తెల్లవారుజామున, చలికి బిగుసుకుపోయిన ఇంజనును తాడు లాగి లాగి స్టార్ట్ చేశాను. మొదటి ట్యాంకుకే, లోపలికి వెళ్లే ఇంధనాన్ని తగ్గించే నీడిల్ బిగించి వేగం చూశాను. పిస్టన్ పైన ఇరుక్కున్న ప్రతిసారీ ఆ గుంజుడంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడింది. వారం తిరగకుండా రాడ్డు కింది రంధ్రం కోలగా అరిగింది. పిస్టన్ అంచున గీతలు. ఆ తర్వాత అది వేడిగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా సరిగా అందుకోలేదు. కొన్నాళ్లు దాచుకుని, చివరికి పిస్టన్, గొట్టం మాత్రం ఒక డబ్బాలో ఉంచాను. ఆ రాత్రి వాటిని తీసి వాడి చేతిలో పెట్టాను. గోటితో గీతలు తడిమి చూశాడు, ఏమీ అనలేదు.

కొత్త ఇంజనును మొదట ఎంత మెల్లగా నడపాలన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. పాత పక్షం ఇంధనం బాగా ఎక్కువ పోసి, చల్లగా, గంటల తరబడి మెల్లగా తిప్పమంటుంది. రింగులున్న ఇనుప సిలిండర్లకు ఆ మాట చెల్లింది. ఇత్తడి గొట్టానికి చెల్లదని నా నమ్మకం. చల్లగా ఉంచితే పించ్ విడవదు. విడవని చోట చుట్టు చుట్టుకూ గీసుకోవడమే. ఇంధనం ధారాళంగా ఇవ్వాలి, వేడి మాత్రం తగ్గనివ్వకూడదు. రెండూ కలిసి రావాలి.

పొద్దున భోగేశ్వరాలయం వైపు వెళ్లే జనం సద్దు కాస్త తగ్గాక మొదలుపెట్టాం. మిథనాల్ విషం, కడుపులోకి పోతే చూపు పోతుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. అందుకే దాబా మీద, గాలాడే చోట, పక్కన తడి గోనెసంచీ పెట్టుకుని కూర్చున్నాం. కారును ఇటుక మీద ఎత్తి చక్రాలు గాల్లో ఉంచాం. గాలి వడపోసే స్పాంజికి నూనె పట్టించాం. మన వీధి దుమ్ములో ఒక్క ఇసుక రేణువు లోపలికి పోతే ఈ శ్రమంతా వృథా. తర్వాత మా అక్క దగ్గర అడిగి తెచ్చిన హెయిర్ డ్రయ్యరుతో ఇంజను తలను చేయి ఆనించలేనంత వేడి దాకా కాచాం. ఇప్పుడు ఫ్లైవీలు తిప్పితే పైన పట్టు సగానికి సగం సడలింది.

"తాడు మొత్తం గుంజకు. పొట్టిగ, చురుకుగ లాగు."

మూడోసారికే తాడు బిగుసుకుంది. ఇంధనం ఎక్కువై లోపల ద్రవం నిండింది. ద్రవం నలగదు, బలవంతం చేస్తే రాడ్డే వంగుతుంది. ప్లగ్గు విప్పి, కారును తలకిందులు చేసి, తాడు నాలుగుసార్లు లాగితే పొంగి బయటికి వచ్చింది. ప్లగ్గు మళ్లీ బిగించి, తీగను ఎర్రబరిచే బ్యాటరీ ఇగ్నైటర్ తగిలించి లాగగానే అందుకుంది. తడబడుతూ, దగ్గుతూ, తెల్లటి పొగ కక్కుతూ. ఇగ్నైటర్ తీసేసినా ఆగలేదు. డేవీ చూసిన తీగ లోపల తన పని తాను చేసుకుపోతోంది.

పొగ కిందికి దిగినట్టుంది. మా అమ్మ మెట్లెక్కి వచ్చి, "ఎవలింట్ల ఆముదం వండుతున్నరు?" అంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి వంటాముదం తీసిన చేతులు ఆమెవి. వాసన తప్పుతుందా. పొగగొట్టం కొసన వేలాడే నూనె చుక్కను వేలికి రాసుకుని చూసి, "అడుగంటించిన్రు" అంటూ దిగిపోయింది.

వేడి కొలిచే థర్మామీటరు 95 డిగ్రీలు చూపిస్తుంటే రెండు నిమిషాలు తిరగనిచ్చి, పొగగొట్టం నోటికి గుడ్డ అడ్డం పెట్టి ఆపాం. వెంటనే ఫ్లైవీలు తిప్పి పిస్టన్‌ను అడుగుకు దించాం. పైన వదిలితే చల్లారుతూ ముడుచుకునే గొట్టం దాన్ని నొక్కేస్తుంది. పూర్తిగా చల్లారే దాకా ఆగడం వాడికి కష్టమైంది. కొత్త చెప్పులు తొడుక్కుని మొదటి రోజే ఊరంతా తిరిగితే కాలు బొబ్బలెక్కదా అన్నాను. చల్లారింది, మళ్లీ డ్రయ్యరు, మళ్లీ రెండు నిమిషాలు, ఈసారి నాలుగు. మూడో ట్యాంకుకు చక్రాలు నేల తాకాయి. దాబా మీదే గోడ నుంచి గోడకు మెల్లగా, వేగం పెంచుతూ వెంటనే తగ్గిస్తూ నడిపాడు. నీడిల్‌ను చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగిస్తూ పోయాం. పొగ పల్చబడింది, దగ్గు పోయి గొంతు తేటపడింది. అయిదో ట్యాంకు అయ్యేసరికి సాయంత్రమైంది.

ఆపేముందు ట్యాంకులో చుక్క మిగలకుండా మండనిచ్చాం. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రోమీథేన్ మండగా పుట్టే ఆమ్లం దానికి తోడైతే ఒక్క రాత్రిలో బేరింగులు తుప్పు పట్టడం మొదలవుతుంది. ప్లగ్గు విప్పి రెండు చుక్కల నూనె వేసి తాడు లాగాడు. ఇంజను చేతికి చల్లగా తగిలాక ఫ్లైవీలును వేళ్లతో తిప్పి చూడమన్నాను. నిన్న రాయిలా ఆగిన చోట ఇప్పుడు ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, చిన్న టక్కుమనే చప్పుడుతో వదిలేసింది. వాడు మళ్లీ తిప్పాడు. మళ్లీ.