పేరులేని సిపాయికి పేరు పెడదాం

ఏమర్రా, అందరూ కూర్చున్నారా? బల్ల మీది ఆ సిపాయి బొమ్మల్ని కాస్త పక్కకు జరపండి, మోచెయ్యి తగిలితే పడిపోతాయి. ఇవాళ్టి కబుర్లు వాటి గురించే.

చిన్నోడు మంచి ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, ఈ పెట్టెలో నాయకుడి బొమ్మ ఒక్కదానికే పేరుంది. మిగతావాళ్లకు ఈటెవాడు, విల్లువాడు అని రాశారంతే. వాళ్లకు మనమే పేర్లు పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చు నాయనా, పెట్టుకోవాలి కూడా. పేరు పెట్టినంత మాత్రాన బొమ్మ బరువు పెరగదు, పాచికల్లో ఆరు ఎక్కువసార్లు పడదు. మారేది ఆడేవాడి మనసు. అదెలా మారుతుందో, ఎలాంటి పేరు పెడితే బాగా మారుతుందో శాస్త్రవేత్తలు చాలా పరిశోధించారు. ముందు ఒక నిజం కథ చెబుతాను వినండి.

ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అక్కడ హావర్త్ అనే ఊళ్లో చర్చి పెద్ద పాట్రిక్ బ్రాంటీ గారికి నలుగురు పిల్లలు మిగిలారు. తల్లి పోయింది, పెద్ద కూతుళ్లిద్దరూ జబ్బుచేసి చనిపోయారు. 1826 జూన్‌లో ఆయన లీడ్స్ వెళ్లి, కొడుకు బ్రాన్వెల్ కోసం పన్నెండు చెక్క సిపాయిలున్న పెట్టె తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి పెట్టె పట్టుకుని అక్కచెల్లెళ్ల గదికి పరుగెత్తాడు. పదేళ్ల షార్లెట్ అందులో అందమైన సిపాయిని ఎంచుకుని, అతనే డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అంది. బ్రాన్వెల్ తన సిపాయిని నెపోలియన్ బోనపార్ట్ అన్నాడు. ఎమిలీ బొమ్మ ముఖం బిగించుకున్నట్టుగా ఉంది, దానికి గ్రేవీ అని పేరు పడింది. అంటే గంభీరుడన్నమాట. అందరికంటే చిన్నదైన ఆన్ చేతికొచ్చిన బొమ్మ చాలా చిన్నది, అతను 'వెయిటింగ్ బాయ్' అయ్యాడు. తరవాత ఈ చివరి ఇద్దరికీ ధ్రువ ప్రాంతాలకు ఓడల్లో వెళ్లిన పారీ, రాస్ అనే సాహసికుల పేర్లు పెట్టుకున్నారు.

ఆ ఆట అక్కడితో ఆగలేదు. పేర్లున్న సిపాయిలకు ఊళ్లు కావాలి కదా? గ్లాస్ టౌన్ అనే నగరం కట్టారు, ఆంగ్రియా, గాండాల్ అనే రాజ్యాలు పుట్టించారు. ఆ బొమ్మ సిపాయిలు చదువుకోవడానికి వీలుగా అగ్గిపెట్టెంత పుస్తకాలు సన్నటి అక్షరాలతో రాసి, తామే కుట్టారు. ఆ ముగ్గురు ఆడపిల్లలూ పెద్దయ్యాక గొప్ప నవలా రచయిత్రులయ్యారు. షార్లెట్ 'జేన్ ఐర్' రాసింది, ఎమిలీ 'వదరింగ్ హైట్స్' రాసింది, ఆ రెండూ 1847లో అచ్చయ్యాయి. పన్నెండు చెక్క ముక్కలకు పేర్లు పెట్టడంతో వాళ్ల రచన మొదలైంది.

మరి చెక్క ముక్కను మనిషిగా చూడటం పిల్లల చేష్ట మాత్రమేనా? కాదు. 1944లో అమెరికాలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్న సినిమా తీశారు. అందులో మనుషుల్లేరు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపు తెరుచుకునే ఒక పెట్టె లాంటి గీత, అంతే. అవి అటూ ఇటూ కదులుతుంటాయి. 34 మంది కాలేజీ విద్యార్థినులకు అది చూపించి, ఏం జరిగిందో రాయమన్నారు. ఒక్కరు తప్ప మిగతా అందరూ బతికున్న ప్రాణుల కథే రాశారు. పెద్ద త్రిభుజాన్ని రౌడీగా, చిన్న త్రిభుజాన్ని ధైర్యవంతుడిగా, వృత్తాన్ని భయపడ్డ అమ్మాయిగా చూశారు. కదిలేదాన్ని చూస్తే దానికో ఉద్దేశం ఉందనుకోవడం మన మెదడు స్వభావం. ఇక మీ సిపాయి బొమ్మకు కళ్లూ కత్తీ కూడా ఉన్నాయాయె! మెదడు ముందే సిద్ధంగా ఉంది, పేరు అందిస్తే చాలు.

పేరు చేసే మొదటి పని జ్ఞాపకానికి సంబంధించినది. పేరు గోడకు కొట్టిన చిలక్కొయ్య లాంటిది. జరిగిన సంగతులన్నీ తగిలించుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. 2007లో గ్యారీ లూప్యాన్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. రెండు రకాల వింత గ్రహవాసుల బొమ్మలు చూపించి, వీళ్లలో ఎవరి దగ్గరికి వెళ్లవచ్చో, ఎవరికి దూరంగా ఉండాలో నేర్చుకోమన్నారు. కొందరికి మాత్రం ఆ రెండు రకాలకూ లీబిష్, గ్రీషస్ అనే అర్థంలేని పేర్లు కూడా చెప్పారు. పేర్లు విన్నవాళ్లే త్వరగా తేడా పట్టేశారు. కొత్త సమాచారం ఏమీ ఇవ్వలేదు, ఉత్త పేరు, అంతే! కాబట్టి మీ పదిమంది విల్లువాళ్లకు విడివిడిగా పేర్లు తోచకపోతే ముందు దళానికి ఒక పేరు పెట్టండి. అది కూడా పనిచేస్తుంది.

అయితే పేర్లను మరిచిపోవడం కూడా తేలికే. 1987లో ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధన ఇది. ముఖాల ఫొటోలు చూపిస్తూ ఒక్కొక్కరి ఇంటిపేరూ వృత్తీ చెప్పారు. అందులో బేకర్ లాంటి మాటలు కొన్ని ఇంటిపేరుగానూ పనికొస్తాయి, వృత్తిగానూ పనికొస్తాయి. అదే మాటను వృత్తి అని చెప్పినప్పుడు ఎక్కువ గుర్తుంది, ఇంటిపేరు అని చెప్పినప్పుడు తక్కువ గుర్తుంది. ఎందుకంటే రొట్టెలు కాల్చేవాడు అనగానే పొయ్యి, పిండి, కమ్మటి వాసన అన్నీ మనసులోకి వస్తాయి. ఇంటిపేరు అనుకుంటే వెంట ఏమీ రాదు.

మన తోలుబొమ్మలాట వాళ్లకు ఈ సంగతి ఏ ప్రయోగమూ చెయ్యకుండానే తెలుసు. రాముడూ రావణుడూ కథలోంచే వచ్చారు. మధ్యలో వచ్చి నవ్వించేవాళ్లను మాత్రం జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అన్నారు. జుట్టుపోలిగాడు అనగానే ముందు జుట్టు కనిపిస్తుంది, తరవాత మనిషి కనిపిస్తాడు. ఇక మరిచిపోలేం. మీ బొమ్మను కూడా చేతిలోకి తీసుకుని అలాగే చూడండి. ఈ ఈటెవాడి డాలు అంచు విరిగి ఉంది, కుడి భుజం కాస్త కిందికి దిగి ఉంది. వీడు విరుగుడాలు వీరన్న. ఈ పేరు బల్ల అవతలి నుంచి చూసినా గుర్తొస్తుంది.

పేరు చేసే రెండో పని చెవికి సంబంధించినది. 1929లో వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెండు బొమ్మల గురించి రాశాడు. ఒకటి మొనలు తేలింది, ఇంకొకటి గుండ్రటిది. తకెటె, బలూబా అనే పేర్లలో ఏది దేనిదని అడిగితే, మొనలున్నది తకెటె అని జనం ఇట్టే చెప్పేవారు. మన దేశంలో పుట్టిన విలయనూర్ రామచంద్రన్ 2001లో తన సహచరుడు ఎడ్వర్డ్ హబ్బర్డ్‌తో కలిసి అదే ఆటను బూబా, కికీ అనే పేర్లతో ప్రచారంలోకి తెచ్చారు. కికీ అంటే మొనల బొమ్మే, సందేహం లేదు. ఇంగ్లీషు 'కె' అక్షరానికి కోణాలుంటాయి కాబట్టి అలా అంటున్నారేమో అన్న అనుమానం వచ్చింది. నమీబియాలో హింబా అనే జనం ఉన్నారు, వాళ్లలో రాత అలవాటు లేనివాళ్లు ఉన్నారు. వాళ్లను అడిగినా అదే జవాబు వచ్చింది. 2022లో 25 భాషల వాళ్లను అడిగారు, నూటికి 72 సార్లు అదే జోడీ కుదిరింది.

ఎందుకలా అంటే, మీరే అని చూడండి. 'కి', 'ట', 'ప' అంటున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగి, టక్కున తెగి బయటికొస్తుంది. 'బూ', 'మో', 'లూ' అంటుంటే పెదవులు గుండ్రంగా సాగుతాయి, శబ్దం జారుతూ వస్తుంది. అచ్చుల్లోనూ తేడా ఉంది. అదే 1929లో ఎడ్వర్డ్ సపీర్ అనే భాషా శాస్త్రవేత్త మిల్, మాల్ అనే రెండు ఉత్తుత్తి మాటలిచ్చి, ఒకటి చిన్న బల్ల, ఒకటి పెద్ద బల్ల, ఏది ఏదని అడిగాడు. ఎక్కువమంది మాల్ పెద్దదన్నారు. అద్దం ముందు నిలబడి 'ఈ' అనండి, 'ఆ' అనండి. 'ఈ' అన్నప్పుడు నాలుక పైకి లేచి నోట్లో చోటు ఇరుకవుతుంది, స్వరం సన్నగా వినిపిస్తుంది. 'ఆ' అన్నప్పుడు దవడ దిగి నోరు గుహంత తెరుచుకుంటుంది. అందుకే కొండంత రాక్షసుడికి టికిలి అని పెడితే చెవి ఒప్పుకోదు. మాడోర్గ అంటే వెంటనే ఒప్పుకుంటుంది.

మరి ఇన్ని పేర్లు ఎక్కణ్నుంచి తేవాలి? పాచికనే అడుగుదాం. కాగితం మీద మూడు వరసలు రాయండి. మొదటి వరసలో గ్రా, ద్రూ, కే, తా, మో, లూ. రెండో వరసలో క, ల, మి, ట్ట, ర్గ, వ. మూడో వరసలో న్, ష్, ర్, యా, రి, డు. పాచిక మూడుసార్లు వేయండి. 1, 4, 3 పడితే గ్రాట్టర్. వీడు గొడ్డలి పట్టుకునేవాడే! 6, 3, 4 పడితే లూమియా, ఈమె మంత్రగత్తె కావచ్చు. 5, 6, 5 పడితే మోవరి. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, దాన్ని మళ్లీ ఆరుతో గుణిస్తే 216 పేర్లు. ఒక సైన్యానికి బోలెడు.

ఒకే జాతి పేర్లన్నీ ఒకే తీరుగా వినిపించాలంటే ఇంకొంచెం లోతుకు పోవాలి. 1913లో ఆంద్రేయ్ మార్కోవ్ అనే రష్యా గణిత శాస్త్రవేత్త, పుష్కిన్ రాసిన 'యెవ్‌గెనీ ఒనేగిన్' కావ్యంలో 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తరవాత అచ్చు ఎన్నిసార్లు వస్తోంది, హల్లు ఎన్నిసార్లు వస్తోంది అని కూర్చుని లెక్కపెట్టాడు. ఒక అక్షరం వచ్చాక తరవాతది ఏది కావచ్చన్నది ఇష్టమొచ్చినట్టు ఉండదని, దానికో లెక్క ఉందని చూపించాడు. ఇవాళ కంప్యూటర్లు కొత్త పేర్లు అల్లే పాత పద్ధతుల్లో ఒకటి ఇదే. మీకు కంప్యూటర్ అక్కర్లేదు. నచ్చిన పేర్లు ఇరవై తీసుకుని, ఏ అక్షరం తరవాత ఏ అక్షరాలు వచ్చాయో రాసుకోండి. ఆ దారుల్లోనే నడుస్తూ కొత్త పేరు కట్టండి. ఆ ఇరవై పేర్ల చుట్టంలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పేరు ఎప్పుడు పెట్టాలి? ఈ బల్లమీది యుద్ధాల్లో మొదట సిపాయికి పేరుండేది కాదు. ఆటగాడు సేనాపతి, బొమ్మలు అతని సేన, అంతే. 1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ 'బ్రౌన్‌స్టైన్' అనే ఆటలో ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఆ దారిలోనే నడిచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. గైగాక్స్ కొడుకు ల్యూక్ చిన్నప్పుడు తన పాత్రకు పేరు పెట్టలేదు. కాగితం మీద మగ అనడానికి 'ఎమ్', జాతి దగ్గర 'ఎల్ఫ్' అని ఉన్నాయి. రెండూ కలిపి చదివితే మెల్ఫ్! ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ పాత్ర పేరుతో 'మెల్ఫ్స్ యాసిడ్ ఆరో' అనే మంత్రం ఆ ఆట పుస్తకాల్లోకి ఎక్కింది.

1999లో వచ్చిన 'మోర్డ్‌హైమ్' ఆటలో ఇంకా మంచి నియమం ఉంది. తోకచుక్క పడి శిథిలమైన నగరంలో చిన్న చిన్న ముఠాలు కొట్లాడుకుంటాయి. ప్రతి ముఠాలో కొందరు వీరులు, మిగతావాళ్లు గుంపుగా తిరిగే అనుచరులు. అనుచరుల గుంపుకు అనుభవం పెరిగినప్పుడు రెండు పాచికలు వేస్తారు. 10, 11, 12లో ఏది పడినా ఆ గుంపులో ఒకడు వీరుడైపోతాడు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. 10 మూడు రకాలుగా, 11 రెండు రకాలుగా, 12 ఒక్క రకంగా, మొత్తం ఆరు. అంటే ఆరింట ఒక వంతు అవకాశం. నిన్నటిదాకా గుంపులో గోవిందా అన్నవాడు ఇవాళ లేచి నిలబడ్డాడు. అతనికి పేరు పెట్టవలసిన సమయం అదే.

నేను గట్టిగా నమ్మేది ఇదే పిల్లలూ. పాచికల మీద వచ్చే పేరు మంచిదే, రూపం చూసి పెట్టే పేరు ఇంకా మంచిది. చేసిన పనిని బట్టి వచ్చే పేరు అన్నిటికంటే గట్టిది. వంతెన దగ్గర అందరూ పడిపోయినా ఒక్క ఈటెవాడు మూడుసార్లు వంతు తిరిగేదాకా నిలబడ్డాడనుకోండి, అతను వంతెన వీరన్న. ఆ పేరు పిలిచిన ప్రతిసారీ ఆ ఆటంతా గుర్తొస్తుంది. పనికి విలువిచ్చి పేరు పెట్టడం అలవాటైతే, బొమ్మల మధ్యే కాదు, మనుషుల మధ్య కూడా వెనక వరసలో నిలబడ్డవాణ్ని చూసే కన్ను వస్తుంది.

కాబట్టి ఈ ఆదివారం ఆటకు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నాయకుడికీ ఇంకొకరికీ మాత్రమే ముందు పేర్లు పెట్టండి. మిగతావాళ్ల పేరు చోటు ఖాళీగా ఉంచండి. ఆట అయ్యాక ఎవరు ఏం చేశారో ఒక్కో వాక్యం రాయండి, ఆ వాక్యంలోంచి పేరు తీయండి. పైకి చదివి, రూపానికి ఆ శబ్దం నప్పిందో లేదో చెవితో తూచండి. నప్పకపోతే ఎమిలీ, ఆన్ మార్చినట్టే మార్చేయండి. వచ్చేవారం ఆ నోటుబుక్కు నాకు చదివి వినిపించాలి, సరేనా?