మూర్ఛవ్యాధికి ఆహారమే మందా?

పిల్లలూ! మూర్ఛ వచ్చి పడిపోయిన మనిషి చేతిలో తాళం చెవుల గుత్తి పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు నిమిషాలలో మూర్ఛ ఆగిపోతుంది. చుట్టూ ఉన్నవారు “ఇనుము పనిచేసింది” అంటారు. నిజంగా పనిచేసిందా? చాలా మూర్ఛలు ఒకటి రెండు నిమిషాలలో వాటంతట అవే ఆగిపోతాయి. “తాళం చెవి పెట్టకపోతే ఏమయ్యేది?” అని ఎవరూ అడగకపోవడం వల్లనే ఇనుముకు ఆ పేరు దక్కింది. ఈ చిన్న ప్రశ్నే వైద్య పరిశోధనకు ప్రాణం. అదెట్లాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

మన మెదడులోని కోట్లాది నాడీకణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. తరగతిలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే పాఠం సాగుతుంది. అందరూ ఒక్కసారిగా కేకలు వేస్తే? మెదడులో అలాంటి గందరగోళం పుట్టడమే మూర్ఛ. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారిగా మనిషి మెదడులోని విద్యుత్ అలలను నమోదు చేశాడు. మూర్ఛవ్యాధి దయ్యమూ కాదు, గాలీ కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు. సరియైన మందులు వాడితే చాలామందిలో అదుపులో ఉంటుంది. కాని కొందరు పిల్లలకు ఎన్ని మందులు మార్చినా రోజూ మూర్ఛలు వస్తూనే ఉంటాయి. వారి సంగతేమిటి?

ఉపవాసం ఉంటే మూర్ఛలు తగ్గుతాయని పూర్వకాలం నుండి కొందరు గమనించారు. తిండి లేనప్పుడు మన కాలేయం కొవ్వు నుండి కీటోనులనే పదార్థాలను తయారుచేస్తుంది. గ్లూకోజుకు బదులు మెదడు వీటిని ఇంధనంగా వాడుకుంటుంది. అయితే ఎదిగే పిల్లలను పస్తు ఉంచలేము కదా! 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ ఒక ఉపాయం చెప్పాడు. పిండిపదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు బాగా పెంచితే, కడుపు నిండా తిన్నా శరీరం ఉపవాసంలో ఉన్నట్లే కీటోనులు తయారుచేస్తుంది. ఇదే కీటోజనిక్ ఆహారం.

చిన్న లెక్క చేద్దాం. ఈ ఆహారంలో ఒక రకం ప్రకారం 80 గ్రాముల కొవ్వుకు పిండిపదార్థాలు, మాంసకృత్తులు కలిపి 20 గ్రాములే ఉండాలి. గ్రాము కొవ్వు 9 కాలరీలు, మిగతావి గ్రాముకు 4 కాలరీలు ఇస్తాయి. అంటే కొవ్వు నుండి 720, మిగతావాటి నుండి 80 కాలరీలు. నూటికి 90 వంతుల శక్తి కొవ్వు నుండే వస్తుందన్నమాట!

1938లో ఫెనిటాయిన్ అనే మందు మూర్ఛను అదుపు చేస్తుందని తెలిసింది. మాత్ర మింగడం సులభం కాబట్టి ఈ కష్టమైన ఆహారం వెనుకబడింది. అయినా కొన్ని ఆసుపత్రులు దీన్ని వదలలేదు. “మా పిల్లలకు తగ్గింది” అని వైద్యులు రాస్తూ వచ్చారు. కాని మూర్ఛలు ఒకనెల ఎక్కువగా, మరొకనెల తక్కువగా వస్తాయి. బాగా ఎక్కువైనప్పుడే తల్లిదండ్రులు ఆసుపత్రికి పరుగెత్తుతారు. తర్వాత తగ్గితే అది ఆహారం గొప్పదనమా, లేక దానంతట అదే తగ్గిందా? చూశారా, మళ్ళీ తాళం చెవి ప్రశ్నే!

దీనికి జవాబు వెతికినవారు లండన్‌కు చెందిన ఎలిజబెత్ నీల్, హెలెన్ క్రాస్, వారి సహచరులు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 2 నుండి 16 ఏళ్ళ పిల్లలు 145 మందిని వారు తీసుకున్నారు. చీట్లు వేసినట్లుగా, ఎవరి ఇష్టానికీ తావివ్వకుండా వారిని రెండు జట్లుగా విడదీశారు. 73 మందికి వెంటనే ఆహారం మార్చారు. 72 మందికి పాత చికిత్సనే కొనసాగించి, మూడు నెలల తర్వాత ఆహారం మార్చేటట్లు ఏర్పాటు చేశారు. ఆ విధంగా ఎవరికీ అన్యాయం జరగలేదు.

2008లో ఫలితాలు వెలువడ్డాయి. మూడు నెలలకు మూర్ఛలు సగానికి పైగా తగ్గిన పిల్లలు ఆహారం మార్చిన జట్టులో 28 మంది, రెండవ జట్టులో 4గురు. అంటే నూటికి 38 మందికి, 6గురికి ఉన్న తేడా. ఆహారం మార్చకుండానే ఆ నలుగురికి తగ్గింది, గమనించారా? రెండవ జట్టు లేకపోతే ఆ గొప్ప కూడా ఆహారానికే పోయేది!

ఇంకొక విశేషం. మొదటి జట్టులో చివరి లెక్కలు అందినవి 54 మందివే. 28ని 54తో భాగిస్తే నూటికి 52 వస్తుంది, వినడానికి ఘనంగా ఉంటుంది. కాని పరిశోధకులు మధ్యలో మానినవారిని కూడా కలిపి 73తోనే భాగించారు. నిజాయితీ గల లెక్క అంటే అది.

ఈ ఆహారంతో కొందరికి వాంతులు, మలబద్ధకం, నీరసం కలిగాయి. కాబట్టి డాక్టరు, ఆహార నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఎవరూ దీన్ని ఇంట్లో ప్రయత్నించరాదు. వాడుతున్న మందులు సొంతంగా మానరాదు.

మీ తరగతిలో ఎవరికైనా మూర్ఛ వస్తే భయపడకండి. దగ్గరలోని గట్టి వస్తువులు, పదునైన వస్తువులు తీసివేయండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. కాళ్ళు చేతులు గట్టిగా అదిమిపట్టకండి. నోట్లో నీళ్ళు గాని, చెంచా గాని పెట్టకండి. మూర్ఛ తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, వెంటనే మరొకటి వచ్చినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మరునాడు ఆ స్నేహితుడు బడికి వచ్చినప్పుడు ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకోండి.